శని, ఆదివారాల వాన: ఫోన్ మాట వినాలా, మా అత్తగారి మోకాలి మాట వినాలా?

బరంపురం కోడలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని బరంపురం, పుట్టిల్లు సోంపేట. ఇంట్లోనే అప్పడాలు, వడియాలు, చల్ల మిరపకాయలు చేసి అమ్ముతాను. అప్పడాలతో పేచీ లేదు, నీడన ఆరనిచ్చి కాసేపు ఎండ చూపిస్తే చాలు. తంటా అంతా గుమ్మడి వడియాలతోనే.

చేసేవాళ్ళకి తెలుసు. బూడిద గుమ్మడికాయ ముందు రోజు సాయంత్రమే తరిగి, ఉప్పు పసుపు కలిపి, గుడ్డలో మూట కట్టి బరువు పెట్టాలి. రాత్రి మినప్పప్పు నానాలి. తెల్లారకుండా రుబ్బి, ఏడింటికల్లా డాబా మీద బట్ట పరిచి పెట్టెయ్యాలి. మొదటి రోజు పైన గట్టిపడాలి, రెండో రోజు తిరగేసి అడుగు ఎండాలి. రెండు రోజుల్లో ఏ పూట తడిసినా వాసన వచ్చేస్తుంది, ఇక ఇంట్లోవాళ్ళు కూడా తినరు. నాకు సాయం వచ్చే ఇద్దరు ఆడవాళ్ళూ మిగతా రోజుల్లో ఒక హాస్టల్ వంటకి పోతారు. శని, ఆదివారాలే ఖాళీ. అంటే శుక్రవారం సాయంత్రం ఆరింటికి నేను తేల్చుకోవాలి, కాయ కొయ్యాలా వద్దా అని.

పోయిన శనివారానికి ఫోన్‌లో సూర్యుడి బొమ్మ, పక్కన ఇరవై శాతం. సరే కదా అని కోశాం. మధ్యాహ్నం రెండున్నరకి కెరండిమాల కొండల వైపు నుంచి మబ్బు లేచి ఇరవై నిమిషాలు దంచి పోయింది. వడియాలన్నీ మళ్ళీ పిండైపోయాయి. గోపాల్‌పూర్‌లో ఉండే మా ఆడపడుచు ఫోన్ చేస్తే అక్కడ చినుకు లేదట! అంతకు ముందు వారం సంగతి ఇంకా ఘోరం. ఉరుముల బొమ్మ, డెబ్బై శాతం. భయపడి మానేస్తే రెండు రోజులూ మాడు పగిలే ఎండ. సోమవారం నుంచి శుక్రవారం దాకా బాగానే చెప్పే ఫోన్‌కి శనివారం వచ్చేసరికి ఏమొస్తుందో అర్థం కాదు.

ఇక ఇంట్లో జోస్యాలకి కొదవ లేదు. మా అత్తగారికి మోకాలు సలిపితే మర్నాడు వాన. ఆవిడ దాన్ని ఎంత నమ్ముతారంటే, సలుపు లేని రోజు మబ్బు పట్టినా బట్టలు తీయనివ్వరు. పక్కింటి ఒడియా ఆంటీ ఖనా వచనాలు, అంటే వాన, పంటల మీద పాతకాలపు సామెతలు, చెబుతుంది. రథయాత్ర నాడు వాన పడి తీరుతుందన్నది ఆవిడ గట్టి నమ్మకం, ఆ ఒక్కటీ చాలాసార్లు నిజమే అయింది. మా మరిది ఇంజనీరింగ్ చదివాడు. అతని సిద్ధాంతం వేరు, తుఫాన్లు సెలవు రోజు చూసుకుని వస్తాయంటాడు. పైలిన్ 2013 అక్టోబర్ 12, శనివారం. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12, ఆదివారం. గులాబ్ 2021 సెప్టెంబర్ 26, ఆదివారం. 1999లో పెద్ద తుఫానుకి ముందు మన గోపాల్‌పూర్ దగ్గర దాటినది అక్టోబర్ 17, అదీ ఆదివారమే. క్యాలెండర్ తీసి చూశాను, తేదీలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

నాకూ ఒకటుంది, నవ్వకండి. బాగా ఎండిన అప్పడం ఒకటి శుక్రవారం పొద్దున్న కిటికీలో పెడతాను. సాయంత్రానికి విరిస్తే పుటుక్కున విరగాలి. వంగిందంటే కాయ కొయ్యను.

వీటిలో దేనికైనా పస ఉందా? అసలు శని, ఆదివారాలకే జోస్యం ఎందుకు తప్పుతుంది? తెలిసినవాళ్ళు చెప్పండి. "అంతా దైవాధీనం" అనే జవాబు వద్దు, అది మా ఇంట్లో ఉచితంగా దొరుకుతుంది.

ఇచ్ఛాపురం టెంట్‌హౌస్

చెల్లెమ్మా, మీ బాధే నాది. షామియానాలు, కుర్చీలు, వంట సామాను అద్దెకిస్తాను. కార్తీకమాసం ఆదివారాలు వస్తే చాలు, వనభోజనాలకి కవిటి తోటల్లో ఒక్కరోజే నాలుగైదు పార్టీలుంటాయి. బట్ట షామియానా వేస్తే ఒక రేటు, వాటర్‌ప్రూఫ్ వేస్తే ఇంకో రేటు. పార్టీ గురువారం ఫోన్ చేసి "ఫోన్‌లో ఎండ చూపిస్తోంది, బట్టదే వెయ్యి" అంటారు. ఆదివారం పన్నెండింటికి, సరిగ్గా పులిహోర విస్తట్లో పడే వేళకి, వాన. తిట్లు ఫోన్ వాడికి కాదు, నాకు.

మా నాన్నగారు చిత్త కార్తెలో బయానా తీసుకునేటప్పుడే వాటర్‌ప్రూఫ్ రేటు చెప్పేవారు. "చిత్త చినుకు తన చిత్తమున్న చోట పడుతుంది" అని ఊరికే అన్నారా? అంటే మా పెద్దాళ్ళకి తెలుసు, చిత్త రోజుల్లో వాన ఒక వీధిలో పడి పక్క వీధిలో పడదని. వాళ్ళు జోస్యం చెప్పలేదు, చెప్పలేం అని చెప్పారు. నేనూ అదే పాటిస్తున్నాను. కార్తీకం అయ్యేదాకా నా దగ్గర బట్ట షామియానా దొరకదు, కావాలంటే వేరే షాపుకి పొమ్మంటాను.

మీ మరిదిగారి లెక్కలో తిత్లీ ఏదమ్మా? 2018 అక్టోబర్ 11, పలాస దగ్గర దాటింది. గురువారం తెల్లవారుజాము. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడుకుండిపోయాయి. నా గోడౌన్ రేకులు ఎక్కడ పడ్డాయో ఈరోజుకీ తెలీదు. ఆ తుఫానుని మాత్రం మర్చిపోయే వీల్లేదు. మీ మరిదికి గుర్తు రాలేదంటే అప్పుడు ఊళ్ళో లేడన్నమాట.

పర్లాకిమిడి మాస్టారు

అమ్మా, నేను పర్లాకిమిడిలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. కొంచెం పెద్ద జవాబు, ఓపిగ్గా చదవండి.

ముందు మరిదిగారి సంగతి. ఆయన చెప్పినవి నాలుగూ నిజమే. టెంట్‌హౌస్ వారి తిత్లీ గురువారం. దానికి 1999 అక్టోబర్ 29 నాటి పెద్ద తుఫాను కలపండి, శుక్రవారం. 2019 మే 3న పూరీ దగ్గర దాటిన ఫణి, శుక్రవారం. 2025 అక్టోబర్ 28న నరసాపురం దగ్గర దాటిన మొంథా, మంగళవారం. ఎనిమిదింట్లో నాలుగు. వారంలో ఏడు రోజులకి రెండు సెలవులు కాబట్టి ఊరికే లాటరీ వేసినా ఎనిమిదింట్లో రెండో మూడో సెలవు రోజు పడాలి. నాలుగు పడ్డాయి. ఈ తేడా చూసి సిద్ధాంతం కట్టలేం. పైగా ఎనిమిదీ మనకి గుర్తున్నవే కానీ, బంగాళాఖాతంలో పుట్టిన వాటన్నిటి లెక్కా కాదు కదా.

అలాగని వారానికీ వానకీ సంబంధం వెతకడం పిచ్చిపని అనుకోకండి. అమెరికాలో సెర్వెనీ, బాలింగ్ అనే ఇద్దరు 1998లో నేచర్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. అక్కడి తూర్పు తీరం పక్క సముద్రం మీద వారాంతంలో వాన కొంచెం ఎక్కువని. కారణం, వారమంతా ఫ్యాక్టరీలు, వాహనాలు వదిలిన పొగ. 2008లో బెల్ బృందం అదే దేశపు ఆగ్నేయ భాగంలో వేసవి వాన వారం మధ్యలో ఎక్కువ అంది. సూర్యచంద్రులకి ఆదివారం లేదు, ప్రకృతిలో ఏడు రోజుల చక్రం ఎక్కడా లేదు. ఉంటే గింటే మనుషుల పొగ వల్లే ఉండాలి, అందుకే వాళ్ళు అక్కడ వెతికారు. దానివల్ల మీ డాబా మీద శనివారం రెండున్నరకి వాన పడింది అనడం మాత్రం కుదరదు.

ఇప్పుడు అసలు విషయం. పైలిన్ వస్తోందని వాతావరణ శాఖ రోజుల ముందే చెప్పింది, సుమారు పది లక్షల మందిని తరలించారు. 1999లో పదివేల మంది దాకా పోయిన రాష్ట్రంలో ఈసారి పదుల్లో ఆగింది. అంత పెద్దదాన్ని పట్టుకున్నవాళ్ళు మీ ఇరవై నిమిషాల వానని ఎందుకు పట్టుకోలేదు? పెద్దది కాబట్టే దాన్ని పట్టుకోగలిగారు. తుఫాను వందల కిలోమీటర్ల మేర, రోజుల తరబడి ఉంటుంది. మీ మధ్యాహ్నపు ఉరుము మబ్బు నాలుగైదు కిలోమీటర్లు, పుట్టి గిట్టడానికి గంట. ఫోన్‌కి లెక్కలు ఇచ్చే ప్రపంచ స్థాయి మోడళ్ళు నేలని పది కిలోమీటర్లు అటూ ఇటూగా గళ్ళు గీసుకుని చూస్తాయి. అమెరికా వాళ్ళది పదమూడు, యూరప్ వాతావరణ కేంద్రానిది తొమ్మిది. 2025 మేలో మన వాళ్ళు మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌ది ఆరు. బరంపురానికీ గోపాల్‌పూర్‌కీ మధ్య ఒకటో రెండో గళ్ళు. సముద్రపు గాలి మధ్యాహ్నం లోపలికి వచ్చి, వేడెక్కిన నేల గాలిని తోసి, వెనక కొండలు దాన్ని పైకి ఎత్తి, అక్కడ మబ్బు పేలుతుంది. ఏ గడిలో పేలుతుందో చెప్పగలరు అనుకోండి, గడిలో ఏ మూలన అంటే చెప్పలేరు. మీ ఆడపడుచు ఇంటి దగ్గర చినుకు లేకపోవడం జోస్యం తప్పినట్టు కాదు, అటువంటి రోజు అలాగే ఉంటుంది.

రేడియోలో "ఒకటి రెండు చోట్ల వర్షం" అంటారు చూడండి, దానికీ లెక్క ఉంది. ఆ ప్రాంతంలోని వర్షమాన కేంద్రాల్లో పావు వంతు లోపు అని. "కొన్ని చోట్ల" అంటే సగం లోపు. గంజాం జిల్లా ఎనిమిది వేల చదరపు కిలోమీటర్ల పైమాటే, గోపాల్‌పూర్ ఇసుక నుంచి భంజానగర్ అడవి దాకా. ఆ ఒకటి రెండు చోట్లలో మీ డాబా ఉందా లేదా అని వాళ్ళు చెప్పలేదు, మనమే అనుకుంటాం.

ఇరవై శాతం అంటే అలాంటి రోజులు పది వస్తే రెండు రోజులు మీ దగ్గర వాన. ఆ రెండింట్లో ఒకటి పోయిన శనివారం. ఇక్కడే మీ వడియాలకి ప్రత్యేకమైన చిక్కుంది. మీకు ఒక్క పొడి రోజు చాలదు, వరసగా రెండు కావాలి. శనివారం పొడిగా ఉండే అవకాశం ఎనభై, ఆదివారం ఎనభై. రెండూ పొడిగా ఉండాలంటే ఎనభైలో ఎనభై శాతం, అంటే అరవై నాలుగు. మిగతా ముప్ఫై ఆరు శాతం ఎప్పుడో ఒకప్పుడు తడుస్తుంది. ఒక రోజు పొడిగా ఉంటే రెండోదీ అలాగే ఉండే మొగ్గు కొంచెం ఉంటుంది కాబట్టి ముప్ఫై ఆరు కాస్త తగ్గొచ్చు. అయినా ఫోన్ చూపించిన సూర్యుడి బొమ్మ వెనక మూడింట ఒక వంతు నష్టం దాక్కుని ఉందన్నమాట. సోమవారం నుంచి శుక్రవారం దాకా మీరు చూసేది ఒక్కో రోజుది, అదీ ముందు రోజు రాత్రి. శనివారానిది బుధవారం నుంచే చూడటం మొదలుపెడతారు. దూరం పెరిగితే తప్పు పెరుగుతుంది. వారాంతం జోస్యం చెడ్డది అనిపించడానికి ఇదే కారణం.

బరంపురం కోడలు

మాస్టారూ, దణ్ణం. ఎనభైలో ఎనభై శాతం అన్న లెక్క మా ఆయనకి చూపిస్తే నోరెళ్ళబెట్టారు. ఇన్నాళ్ళూ నేను ఇరవై, ఇరవై చూసి "తక్కువే కదా" అనుకుంటూ వచ్చాను.

కానీ ఒకటి అడగనివ్వండి. శాతాలు చెప్పి తప్పించుకోవడం మోకాలి జోస్యం కన్నా ఏం మెరుగు? వాన పడితే "ఇరవై శాతం చెప్పాం కదా" అంటారు, పడకపోతే "ఎనభై చెప్పాం కదా" అంటారు. ఎటు పడినా వాళ్ళే గెలుస్తారు. 2021 డిసెంబర్ 4, శనివారం గుర్తుందా? జవాద్ తుఫాను అని బడులు మూయించారు, మా సందులో కొవ్వొత్తులు దొరకలేదు, నేను మినప బస్తా మంచం మీదకి ఎక్కించాను. అది సముద్రంలోనే నీరసపడిపోయింది. మా అత్తగారు ఆ రోజంతా మోకాలు చూపించి "నాకేం సలపలేదు" అంటూనే ఉన్నారు. ఆ ఒక్క గెలుపు మీద ఆవిడ ఇంకా బతికేస్తున్నారు.

పర్లాకిమిడి మాస్టారు

మంచి ప్రశ్న. ఒక్క రోజు చూస్తే మీరన్నట్టు ఎటైనా వాళ్ళే గెలుస్తారు. ఏడాది పాటు ఇరవై అన్న రోజులన్నీ ఒక పక్క, డెబ్బై అన్నవన్నీ ఇంకో పక్క రాసి పెట్టండి. ఇరవై అన్న రోజుల్లో సగం రోజులు వాన పడితే వాళ్ళు ఓడిపోయినట్టు. మోకాలికి ఈ పరీక్ష పెట్టనిస్తారా అత్తగారు? సలిపి వాన పడని రోజు "పక్కూళ్ళో పడుంటుంది" అంటారు. మా అమ్మా అలాగే అనేది.

అయినా మోకాలిని పూర్తిగా కొట్టెయ్యకండి. మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు బ్రిటన్‌లో వేలమంది నొప్పుల రోగుల చేత రోజూ ఫోన్‌లో నొప్పి రాయించి, 2019లో ఫలితం ప్రకటించారు. గాలిలో తేమ ఎక్కువగా ఉండి, పీడనం తగ్గి, గాలి వీచే రోజుల్లో నొప్పి ఎక్కువవడం నిజమే, కానీ స్వల్పంగా. అది కూడా ఆ రోజు వాతావరణానికి ఆ రోజు నొప్పి. మర్నాటి వానకి కాదు.

మీ అప్పడం మాత్రం నాకు భలే నచ్చింది. 1783లో సొస్యూర్ అనే స్విస్ శాస్త్రవేత్త మనిషి వెంట్రుకతో తేమ కొలిచే పరికరం చేశాడు. తేమకి వెంట్రుక సాగుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. మీది అదే పని పప్పుతో చేస్తోంది. అది రేపటి సంగతి చెప్పదు, ఇవాళ గాలిలో ఎంత నీరుందో చెబుతుంది. మధ్యాహ్నపు మబ్బుకి కావలసిన ముడిసరుకు అదే కాబట్టి దానికి ఎంతో కొంత విలువ ఉంది. ఉప్పు డబ్బాతో చేసేవాళ్ళూ ఉన్నారు, కానీ మన తీరంలో అది పనికిరాదు. గాలిలో తేమ డెబ్బై అయిదు శాతం దాటితే ఉప్పు నీరు కారుతుంది, ఇక్కడ చాలా తెల్లవారుజాముల్లో అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

రథయాత్ర వాన గురించి ఆ ఆంటీకి చెప్పకండి, మనసు నొచ్చుకుంటారు. ఆషాఢ శుద్ధ విదియ అంటే జూన్ చివరో జూలైయో. అప్పటికి ఒడిశా అంతా రుతుపవనాలు వచ్చేసి ఉంటాయి. పూరీలో ఆ రోజు వాన అని ఎవరు చెప్పినా సగం పైన గెలుస్తారు.

పంచాంగం చూసేవాడిని

ఇంత చదువుకున్న మాస్టారు మన శాస్త్రాన్ని తలవకపోవడం ఆశ్చర్యంగా ఉంది. ఉగాది నాడే మేఘాధిపతి ఎవరో, ఎన్ని ఆఢకాల (పాతకాలపు కొలత) వానో చెబుతారు. వరాహమిహిరుడు బృహత్సంహితలో మేఘగర్భం కట్టిన 195 రోజులకి వాన కురుస్తుందని చెప్పాడు. దీన్ని విదేశీ యాప్ చెప్పగలదా?

పర్లాకిమిడి మాస్టారు

వరాహమిహిరుడంటే నాకు గౌరవమే, ఎందుకంటే ఆయన రోజు చెప్పాడు. 195 అని అంకె ఇచ్చాడు కాబట్టి ఎవరైనా రాసుకుని సరిచూసుకోవచ్చు. మేఘాధిపతి సంగతి వేరు, ఏడాది మొత్తానికి ఒక్క మాట, అదీ దేశమంతటికీ. దాంతో ఈ అమ్మ శనివారం కాయ కొయ్యాలో వద్దో తేలదు.

195ని ఏడుతో భాగిస్తే ఆరు మిగులుతుంది. ఆదివారం గర్భం కడితే శనివారం కురవాలి. మరిదిగారికి చెప్పకండి.

గోపాల్‌పూర్ వేట

అక్కా, మాది గోపాల్‌పూర్, నోలియా ఇల్లు. నాన్న బోటు మీద వేటకెళ్తారు, నేను ఐటీఐ చదివి నాన్న అనుభవానికీ మాస్టారి చదువుకీ మధ్యలో ఉన్నాను. మాకు జోస్యం తప్పితే వడియాలు పోవు, మనిషి పోతాడు. అందుకే మా ఇంట్లో ఎవరి సిద్ధాంతానికీ మర్యాద లేదు, ఏది పనికొస్తే అది వాడతాం. హైదరాబాద్‌లో ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇంకాయిస్ వాళ్ళు అలల ఎత్తు పంపిస్తారు, అది చూస్తాం. నాన్న పొద్దున్నే ఒడ్డున నిలబడి అల చూస్తారు. గాలి లేకుండా పొడుగాటి అలలు, ఒకదానికీ ఇంకోదానికీ ఎడం ఎక్కువగా వస్తున్నాయంటే, ఎక్కడో దూరాన సముద్రం మీద పెద్ద గాలి ఉన్నట్టు. ఆ అలలు తుఫాను కన్నా ముందు పరిగెత్తి వస్తాయి. దీన్ని ఎవరూ మూఢనమ్మకం అనలేదు, పుస్తకాల్లోనూ ఉంది.

చంద్రుడికి వరదగుడి, అంటే చుట్టూ వెలుగు వలయం, కట్టడం కూడా నాన్న చూస్తారు. దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన అని మా తాత అనేవాడట. పెద్ద గుడి అంటే చాలా ఎత్తున మంచు పలుకుల మబ్బు పరుచుకుందని అర్థం. తుఫాను తల మీద నుంచి అలాంటి మబ్బు వందల మైళ్ళు జారి వస్తుంది. మాకు సరే, మీ రెండున్నర వానకి వరదగుడి ఏం చెబుతుంది? దానికి ఆ రోజు పన్నెండింటి దాకా పుట్టుకే లేదు.

తూనీగలు గుంపుగా వచ్చాయి, వాన పడుతుంది అంటారు కదా. మాస్టారు ఒప్పుకుంటారో లేదో, పసుపుపచ్చ తూనీగల్లో ఒక రకం రుతుపవనాల గాలితో పాటు సముద్రాలు దాటి ప్రయాణిస్తుంది. కాబట్టి అవి కాలం మారిందని చెబుతాయి, శనివారం వాన అని చెప్పవు.

మీకు పనికొచ్చేది ఒకటే, రాడార్. గోపాల్‌పూర్‌లోనే వాన మబ్బుల్ని కనిపెట్టే డాప్లర్ రాడార్ ఉంది. దాని బొమ్మ వాతావరణ శాఖ సైట్‌లో నిమిషాల తేడాతో మారుతుంటుంది, డబ్బులేం అక్కర్లేదు. శనివారం పన్నెండు దాటాక పావుగంటకోసారి చూడండి. కొండల వైపు పచ్చ మచ్చ పుట్టి పసుపు అవుతోందంటే మీకు అరగంటో ముప్పావుగంటో ఉంది. వాళ్ళ నౌకాస్ట్ మూడు గంటల ముందు చెబుతుంది, జిల్లా మొత్తానికి. పిడుగులకి దామిని యాప్ పెట్టుకోండి, డాబా మీదకి ఎక్కేది మీరే కాబట్టి వడియాల కన్నా ముందు అది.

మోకాలి కథకి నా వంతు ఇది. 1851లో లండన్ ప్రదర్శనలో మెరీవెదర్ అనే ఇంగ్లీషు డాక్టర్ పన్నెండు సీసాల్లో పన్నెండు జలగల్ని పెట్టి తుఫాను యంత్రం చేశాడు. తుఫాను వచ్చే ముందు జలగ పైకి పాకితే గంట మోగుతుంది. ఎన్ని గంటలు మోగితే అంత గట్టి తుఫాను. అత్తగారికి చెప్పండి, పోటీ ఉందని.

ఇచ్ఛాపురం టెంట్‌హౌస్

జలగలు కావాలంటే మా పొలం మడిలో కావలసినన్ని. సీసాలు మీరు తెచ్చుకోండి.

పర్లాకిమిడి మాస్టారు

తమ్ముడు రాడార్ సంగతి చెప్పి మంచి పని చేశాడు. అది శనివారం మధ్యాహ్నానికి. శుక్రవారం సాయంత్రానికి ఏం చేయాలన్నది మిగిలింది.

అమ్మా, రెండు అంకెలు వేసుకోండి. పప్పు, కాయలు, కూలి కలిపి తడిస్తే ఎంత పోతుంది? సరిగ్గా ఎండితే ఎంత మిగులుతుంది? పోయేది మూడు వేలు, మిగిలేది వెయ్యి అనుకుందాం. అప్పుడు నాలుగింట ఒక వంతు, అంటే ఇరవై అయిదు శాతం దగ్గర గీత పడుతుంది. రెండు రోజులూ కలిపి తడిసే అవకాశం అంతకన్నా తక్కువుంటేనే కాయ కొయ్యాలి. ఇరవై, ఇరవై ఉన్న వారం కొయ్యకూడదు. పది, పది ఉంటే కలిపి పంతొమ్మిది, కొయ్యొచ్చు. టెంట్‌హౌస్ వారి గీత వేరే చోట ఉంటుంది. ఆయనకి వాటర్‌ప్రూఫ్ వెయ్యడానికి అయ్యే అదనపు ఖర్చు కొంచెం, తడిస్తే పోయే పరువు చాలా. అందుకే ఆయన బట్టది అసలు ఇవ్వనంటున్నారు, లెక్క రాయకుండానే సరిగ్గా చేస్తున్నారు. ఒకే జోస్యం విని ఇద్దరు రెండు రకాలుగా నడుచుకోవడంలో తప్పు లేదు.

ఎందుకు అంతకన్నా గట్టిగా చెప్పలేరంటే, 1961లో లోరెంజ్ అనే శాస్త్రవేత్త కంప్యూటర్‌లో 0.506127 అనే అంకెని 0.506 అని కుదించి వేశాడు. అంత చిన్న తేడాకి కొంతసేపటికి లెక్కలోని వాతావరణం పూర్తిగా వేరే దారి పట్టింది. మనం గాలిని ఎప్పుడూ అంత ఖచ్చితంగా కొలవలేం. అందుకని 1992 నుంచి యూరప్ కేంద్రం మొదటి అంకెల్ని కాస్త కాస్త మారుస్తూ ఒకే రోజుకి చాలా లెక్కలు వేస్తోంది. అన్నీ ఒకే మాట చెబితే ధీమా, తలో మాట చెబితే అనుమానం. శాతాలు అలా వస్తాయి. ఫోన్‌లో బొమ్మ చూడటం మానేసి గంటగంటకీ ఉన్న శాతం చూడండి. మీ ఊళ్ళో అక్టోబర్ వాన మధ్యాహ్నం, సాయంత్రాల్లోనే ఎక్కువ, పొద్దుటి ఎండ చాలా రోజులు మీదే.

బరంపురం కోడలు

లెక్క వేశాను మాస్టారూ. నాకు పోయేది రెండు వేల ఎనిమిది వందలు, మిగిలేది పదకొండు వందలు. గీత ఇరవై ఎనిమిది దగ్గర పడింది. ఈ శుక్రవారం పది, ముప్ఫై చూపిస్తోంది. కలిపితే ముప్ఫై ఏడు. కాయ కొయ్యను. మినప అప్పడాలు పెడతాను, వాటికి ఒక పూట చాలు, అదీ మధ్యాహ్నం లోపు. సాయం వచ్చేవాళ్ళకి శనివారం ఒక్క రోజే రమ్మన్నాను.

అత్తగారికి మాంచెస్టర్ సంగతి చదివి వినిపించాను. "స్వల్పంగా" అన్న మాట వినిపించుకోలేదు, "నిజమే" అన్నది మాత్రం వీధి చివరిదాకా చెప్పొచ్చారు. మరిది 195 సంగతి ఈ పేజీలోనే చూసేశాడు. ఇప్పుడు ఏప్రిల్ ఆదివారాల్లో మబ్బు ఎప్పుడు పట్టిందో రాసుకునే పనిలో ఉన్నాడు. మాస్టారూ, ఇది మీ పాపమే.

టెంట్‌హౌస్ అన్నగారూ, మీ దగ్గర పాత పారదర్శకం షీట్లేమైనా ఉన్నాయా? డాబా మీద వెదురు కట్టి పైన కప్పితే కింద ఎండ తగులుతుంది, చినుకు తగలదు, పక్కలు గాలికి తెరిచి ఉంచుతాను.

ఇచ్ఛాపురం టెంట్‌హౌస్

ఉన్నాయి చెల్లెమ్మా. ఐస్‌క్రీం స్టాల్ ముందు కట్టేవి, అంచులు చిరిగాయి కానీ మధ్యలో బాగానే ఉన్నాయి. పన్నెండడుగుల వెడల్పు. డాబా కొలత చెప్పండి, బరంపురం బస్సులో వేసి పంపిస్తాను. డబ్బులొద్దు, మా అమ్మాయి పెళ్ళికి చల్ల మిరపకాయలు అయిదు కిలోలు కావాలి, మాఘమాసంలో.

బరంపురం కోడలు

ఇరవై నాలుగు బై పద్దెనిమిది. రెండు షీట్లు చాలు. చల్ల మిరపకాయలకి మజ్జిగలో నానడం, ఎండడం కలిపి వారం పడుతుంది, కాబట్టి పుష్యంలోనే మొదలుపెడతాను. కారం ఎక్కువున్నవి కావాలా, పిల్లలు తినేవా?

ఇచ్ఛాపురం టెంట్‌హౌస్

వియ్యాలవారు రాయగడ వైపు. కారం ఎక్కువున్నవే పెట్టండి.